కప్పు మీది నీళ్లు

"గడ్డపార కింద పెట్టు ప్రహ్లాద్. తలుపు మీద ఒక్క దెబ్బ పడ్డా గర్డర్ మొత్తం కిందికొస్తది."

ఎదురింటి శ్రీపతి ఆ మాట అరిచి అనలేదు. అందుకే అందరికీ ఎక్కువ భయమేసింది. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు ఆయన. ఏ గోడ చూసినా ముందు ఒక జోకు వేసి, తర్వాత సంగతి చెప్పే మనిషి.

ప్రహ్లాద్ ఎత్తిన గడ్డపారను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. బిగుసుకుపోయిన ఆ తలుపు అవతల అతని తల్లి విద్యావతి ఉంది.

పొద్దున లేచి ఆమె గడియ తీసింది. తలుపు రాలేదు. వానల తేమకు ఉబ్బిందేమో అనుకుని మళ్లీ లాగింది. తర్వాత చిన్న కోడలు ప్రణవిని పిలిచింది. ప్రణవి ఇవతలి నుంచి నెట్టింది. ఆమె భర్త సిద్ధార్థ్ వచ్చాడు. అతని అన్న ప్రహ్లాద్ వచ్చాడు. ముగ్గురూ భుజాలు ఆనించి నెట్టినా తలుపు కదల్లేదు. అప్పుడు తలలెత్తి చూశారు. తలుపు చౌకట్టు పైన గోడ కుంగింది. దాని మీద ఆనిన ఇనప గర్డర్ కొన కిందికి జారి, సరిగ్గా చౌకట్టు నెత్తిన కూర్చుంది.

నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో ఇలాంటి ఇళ్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచి, పైన సున్నం గట్టిగా దిమ్మిస కొట్టిన కప్పులు. ఈ కప్పు మీద ప్రణవి చేపల తొట్టి ఉంది. తొట్టి పక్కన కంకర నింపిన పెట్టెలు, వాటిలో కూరగాయలు.

"ముందు పైనున్న బరువు దించాలె," అన్నాడు శ్రీపతి. "బరువు దిగినంక గర్డర్ కింద ఆసరకు జాకీలు పెట్టొచ్చు. గప్పుడు కిటికీ ఊచలు కోసి అమ్మను బయటికి తీద్దాం. ఇప్పుడైతే కిటికీని గూడ ముట్టద్దు. అది గూడ గదే గోడల ఉంది."

"ఫైరింజనోళ్లకు ఫోన్ చేసిన," అంది ప్రహ్లాద్ భార్య స్నేహ. "బయల్దేరిన్రంట. ఆదివారం గద. అబిడ్స్ కాడ పుస్తకాల బజారు జనం, ఆటోలు. అవన్ని దాటి వచ్చినా మన సందులకు బండి రాదు. దిగి నడిచి రావాలె."

కిటికీ దగ్గరికి విద్యావతి వచ్చింది. ఊచల మధ్య ఆమె ముఖం, పైన తెల్లటి జుట్టు కనిపించాయి. నిద్ర లేచిన మనిషి ఇంకా జుట్టు ముడేసుకోలేదు.

"నన్నేం చెయ్యమంటరు?"

"నువ్వు ఆ మూలకు పో అమ్మా," అన్నాడు ప్రహ్లాద్. "బీరువా పక్కన కూర్చో. గర్డర్ కిందికి రాకు."

"గాడ కూసుంటే మీరెవ్వరూ కనపడరు నాకు."

అలా అంటూనే ఆమె మెల్లగా, మోకాళ్లు పట్టుకుంటూ వెనక్కి వెళ్లింది.

ప్రహ్లాద్ గడ్డపారను గోడకు ఆనించి ప్రణవి వైపు తిరిగాడు.

"మొన్న పెచ్చు ఊడి అమ్మ భుజం మీద పడ్డది. ఆ నీళ్లు తీసెయ్యిమని చెప్పిన్నా, లేదా?"

"చెప్పినవ్ బావా."

"మరి?"

"సిద్ధూ మేస్త్రీని తీసుకొచ్చి చూపించిండంట. కప్పుకు ఏం కాలేదు, పైపైన గీత మాత్రమే అన్నడంట మేస్త్రీ."

"ఏ మేస్త్రీ?" ప్రహ్లాద్ తమ్ముడిని చూశాడు. "ఏ మేస్త్రీరా? ఎప్పుడొచ్చిండు? నేను దుకాణానికి పోయినప్పుడా?"

సిద్ధార్థ్ అప్పటికే మెట్ల దగ్గర నీళ్ల పైపు చుట్ట విప్పుతున్నాడు. "అవన్ని తర్వాత మాట్లాడుదాం అన్నా. ముందు పని చూద్దాం."

"నా దిక్కు చూసి చెప్పు."

అతను చూడలేదు. పైపు భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

"అందరు ఎక్కకున్రి," అన్నాడు శ్రీపతి. "ఇద్దరు చాలు. గోడల మీదుగ నడువున్రి. నడిమిట్ల కాలు పెట్టకున్రి."

ప్రణవి భర్త వెనకాల వెళ్లింది.

*

పైన ఎండ ఇంకా ముదరలేదు. రోజూ ఈ వేళకు ఆమె ఇక్కడే ఉంటుంది. సందు వైపున్న, కంతల జాలీ గోడను ఆనుకుని ఇనప చట్రంలో బిగించిన పెద్ద టార్పాలిన్ తొట్టి, దాని నిండా తిలాపియా చేపలు. ఆ నీళ్లను మోటారు కంకర పెట్టెల్లోకి ఎక్కిస్తుంది. చేపల మురికి అక్కడ మొక్కలకు బలమవుతుంది. వేళ్ల మధ్య శుభ్రపడిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. మట్టి అక్కర్లేదు. పాలకూర, పుదీనా, టమాటా, జాలీ మీదికి పాకిన బీరతీగ, అన్నీ ఆ నీళ్ల మీదే బతుకుతాయి. సందులో సగం ఇళ్లకు ఆకుకూర ఇక్కడి నుంచే పోతుంది.

మేత తెచ్చిందనుకుని చేపలన్నీ ఆమె నిలబడ్డ వైపుకు వచ్చాయి.

సిద్ధార్థ్ మోటారు, చేపలకు గాలి అందించే పంపు ఆపి, పైపు ఒక కొన తొట్టిలో ముంచాడు. రెండో కొన సందులోకి వదిలాడు. నీళ్లు కదిలాయి. సన్నటి ధార.

"ఇట్లయితే సాయంత్రం దాక పోవు ఈ నీళ్లు," అంది ప్రణవి.

అతను వలబుట్ట అందుకున్నాడు. "నీళ్లు పోతుంటయ్. ఈలోపల చేపల్ని దించుదాం. కింద వాకిట్ల నీళ్ల హౌజుంది గద."

"హౌజుల నీళ్లు పొద్దున నల్లా వచ్చినప్పుడు నిండినయ్. ఇంక బ్లీచింగ్ వాసన కొడుతున్నయ్. అండ్ల వేస్తే అన్ని చస్తయ్."

"కొన్నన్న బతుకుతయేమో."

"సిద్ధూ, కింద అత్తమ్మ ఉంది."

"నాకు తెల్వదా?"

ఆ గొంతు విని ఆమె ఆగిపోయింది. అతను బకెట్‌లోకి చేపలను తోడుతూనే ఉన్నాడు. తోడిన వాటిలో సగం మళ్లీ తొట్టిలోకే జారిపోతున్నాయి. అతని కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, అతనికి ఆ స్పృహ లేదు.

తల్లి కింద చిక్కుకుపోయి ఉంటే, ఈ మనిషి చేపల కోసం ఇంత ఆరాటపడుతున్నాడేమిటి అనుకుంది ప్రణవి. తర్వాత అతను తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో ఉన్న భయం తల్లి గురించి కాదు. చేపల గురించీ కాదు.

ఏడో నెలలోనే నొప్పులు వచ్చి, ఆమె దవాఖానకు పోయి, ఒట్టి చేతులతో ఇంటికి వచ్చిన రోజుల్లో కూడా అతను ఇలాగే చూసేవాడు. పుట్టినప్పుడే పాపకు ఊపిరి లేదని చెప్పారు. ఆ తర్వాత ఆమె చాలా కాలం ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టింది తినేది, లేకపోతే లేదు. ఆ చలికాలం అతను బతిమాలి నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, నుమాయిష్‌కు తీసుకుపోయాడు. అంత జనంలో, ఒక స్టాల్లో, అద్దాల తొట్టిలో చేపలు, వాటి నెత్తిన పచ్చటి ఆకుకూర చూసి ఆమె నిలబడిపోయింది. "ఈ నీళ్లు ఎటు పోతయ్?" అని అడిగింది. అన్ని నెలల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. మరుసటి వారమే అతను కప్పు మీద తొట్టి పెట్టించాడు.

"సిద్ధూ," అంది ఇప్పుడు, "మేస్త్రీ నిజంగ వచ్చిండా?"

అతను జవాబు చెప్పే లోపల కాళ్ల కింద ఏదో పెటుక్కుమంది.

కింది నుంచి శ్రీపతి గొంతు. "దిగున్రి. ఇద్దరు దిగున్రి. గోడ పట్టుకొని రాండ్రి."

*

కిటికీలో నుంచి తెల్లటి దుమ్ము బయటికి వస్తోంది. లోపల విద్యావతి దగ్గుతోంది.

"అమ్మా," ప్రహ్లాద్ ఊచలు పట్టుకోబోయి, శ్రీపతి చెయ్యి అడ్డం పెట్టడంతో ఆగాడు. "అమ్మా, మాట్లాడు."

"ఉన్న," అంది ఆమె. "మంచం మీద పడ్డది. నా మీద కాదు."

దుమ్ము తేలాక అందరూ లోపలికి చూశారు. మంచం మీద, రోజూ ఆమె తల పెట్టుకునే చోట, పొడవాటి తెల్లటి ముక్కలు పడి ఉన్నాయి. శ్రీపతి కిటికీ లోపలి అరుగు మీద పడ్డ ఒక ముక్కను తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది సున్నం గాదు. పుట్టీ." పైకి చూశాడు. "గర్డర్ పొంటి ఆ చివరి నుంచి ఈ చివరి దాక పూసిన్రు. ఒకసారి గాదు, ఒకదాని మీద ఒకటి పూసిన్రు. అంటే ఈ పగులు ఇయ్యాల్టిది గాదు. ఎవరో చూసిన్రు. చూసి మూసిన్రు."

సందులో నీళ్ల ధార పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"నేనే పూయించిన," అంది లోపలి నుంచి విద్యావతి. "పగుళ్లు కండ్లకు మంచిగ లేకుండె. ఎవరో పని చేసేటోడు వస్తే పూయిమన్న."

"ఏ పని చేసేటోడు?" అన్నాడు ప్రహ్లాద్.

"గుర్తు లేదు."

"అమ్మా, నువ్వు అబద్ధం ఆడకు," అన్నాడు సిద్ధార్థ్. మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "నేనే పూసిన. మేస్త్రీ గీస్త్రీ ఎవ్వడు రాలే."

ప్రహ్లాద్ తమ్ముడి దగ్గరికి వెళ్లి అతని అంగీ కాలరు పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. "ఆమె మనకు అమ్మ. ఆ మంచం మీద పండుకుంటదిరా ఆమె."

"తెలుసు."

"తెలిసి పూసినవా?"

"రోజు చూస్తుంటి. పెరుగుతున్నదా అని రోజు చూస్తుంటి. జర ఆగినంక నీళ్లు కొన్ని తగ్గిద్దాం అనుకున్న. ప్రణవి జర కుదుటపడ్డంక."

"నేను కుదుటపడ్డంక?" అంది ప్రణవి.

సిద్ధార్థ్ తల దించుకున్నాడు.

"నన్ను చూస్తే నీకు ఏం కనపడుతది సిద్ధూ? నేను పండిస్తున్న, కోస్తున్న, అమ్ముతున్న. వంట చేస్తున్న. నవ్వుతున్న గూడ. ఇంక ఏం చెయ్యాలె నేను కుదుటపడ్డనని నువ్వు నమ్మనీకి?"

"ఆ తొట్టి తీసేస్తే నువ్వు మళ్ల అట్లయిపోతవనుకున్న."

"అట్లయిపోత కావచ్చు. అందుకు అత్తమ్మను పణం పెడతవా?"

స్నేహ మెల్లగా అంది. "ప్రణవి ముందర ఏం మాట్లాడొద్దు, ఏ చెడ్డ సంగతి చెప్పొద్దు అని ఇంట్ల అందరికి చెప్పింది నువ్వే గద సిద్ధూ. మేము గూడ ఊకున్నం. మాది గూడ తప్పే."

ప్రణవి తోడికోడలిని చూసింది. ఈ ఇంట్లో తను గదిలోకి రాగానే మాటలు ఎందుకు ఆగిపోయేవో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అది మర్యాద అనుకుంది ఇన్నాళ్లూ.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. శ్రీపతి వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, ఆమె ముఖం చూసి దించేశాడు.

"అత్తమ్మా. మీకు తెలుసా?"

మూల నుంచి జవాబు వచ్చింది.

"తెలుసు. వాడు పూస్తుంటే స్టూలు పట్టుకున్నది నేనే."

"మరి ఆ మంచం మీద ఎందుకు పండుకున్నరు? గది మారుతనంటే ఎవరు వద్దంటరు?"

"మారితే ఎందుకు మారినవని అడుగుతరు. అడిగితే చెప్పాలె. చెప్తే నీళ్లు తీసేస్తరు."

"తీసేస్తే తీసేద్దురు."

"నీకు తెల్వదు బిడ్డా." విద్యావతి గొంతు పెద్దగా లేదు. వాకిట్లో ఉన్నవాళ్లంతా వంగి వినాల్సి వచ్చింది. "నువ్వు పండుకొని లేవకపోతుంటివి చూడు, గప్పుడు నేను ఈ గదిల ఉండి నీ గది దిక్కు చెవి పెట్టేదాన్ని. ఏం వినపడకపోయేది. మనిషి ఉందా లేదా తెల్వకపోయేది. ఆ తొట్టి పెట్టినంక పొద్దున పొద్దున్నే నా నెత్తి మీద నీ అడుగుల చప్పుడు. అటు పోతవ్, ఇటు వస్తవ్. ఒక్కొక్కసారి చేపలతోటి మాట్లాడతవ్. అది వినుకుంట పండుకుంటే నాకు మళ్ల జర నిద్ర పట్టేది. కప్పు సంగతి ఏమైతే అయితదనుకున్న. ముసలిదాన్ని."

ప్రణవి ఊచల మీద చెయ్యి పెట్టలేదు. పెడితే గోడ కదులుతుందేమోనని చేతులు రెండూ ఛాతీకి అదుముకుని నిలబడింది.

పైన మళ్లీ పెటుక్కుమంది. ఈసారి దుమ్ము రాలేదు. గర్డర్ కొన దగ్గర గోడలో నుంచి ఒక ఇటుక ముక్క ఊడి, చౌకట్టు అంచు మీద పడి, కింద దొర్లింది.

శ్రీపతి ముఖం పాలిపోయింది. "పైపుతోటి కాదు. టైం లేదు. ఆ తొట్టి ఒక్కపాలి ఖాళీ కావాలె. సందు దిక్కు జాలీ గోడకే ఆనుకొని ఉంది గద. ఆ పక్కన కోస్తే నీళ్లన్ని జాలీల నుంచి సందులకు పోతయ్. కప్పు మీద నిలవయి."

"నేను పోత," అన్నాడు ప్రహ్లాద్.

"నీ బరువుకు కప్పు ఆగదు."

"నేను," అని సిద్ధార్థ్ లేచాడు.

"నువ్వు కొయ్యలేవు," అంది ప్రణవి. "నీ చెయ్యి రాదు."

వంటింట్లోకి వెళ్లి కూరగాయల కత్తి తీసుకుని వచ్చింది. సిద్ధార్థ్ మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె అతన్ని తొయ్యలేదు. అతను తప్పుకునే దాకా ఎదురుగా నిలబడింది.

"ప్రణవీ, నువ్వొక్కదానివి వద్దు."

"జరుగు."

అతను జరిగాడు.

*

గోడ మీదుగా, ఒక్కొక్క అడుగు వేస్తూ ఆమె జాలీ వైపుకు చేరింది. కింద సందులో జనం చేరారు. ఎవరో దూరం జరగమని అరుస్తున్నారు. కప్పు నడుమ సున్నం నెర్రె విచ్చింది. నిన్న ఆ చోట ఆమె కూర్చుని పాలకూర కట్టలు కట్టింది.

తొట్టిలో నీళ్లు కొద్దిగానే తగ్గాయి. గాలి పంపు ఆగిపోవడంతో చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఆమె నీడ పడగానే అవి మళ్లీ వచ్చాయి. పెద్దవి ముందు, చిన్నవి వెనక. ఆమె చెయ్యి నీళ్లకు దగ్గరగా వస్తే దూరం పోవడం వాటికి ఎప్పుడూ అలవాటు లేదు.

టార్పాలిన్‌కు కత్తి ఆనించింది. అది మందం. మొదట దిగలేదు. కత్తి పిడి మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. దిగాక కిందికి లాగింది.

నీళ్లు ఆమె నడుమును కొట్టాయి. జాలీ గోడను పట్టుకుని నిలదొక్కుకుంది. చీలిక దానంతటదే పెద్దదై, తొట్టి ఒక పక్క మొత్తం తెరుచుకుంది. నీళ్లు జాలీ కంతల్లో నుంచి సందులోకి దూకుతుంటే, చిన్న చేపలు వాటితో పాటే పోయాయి. పెద్దవి జాలీకి తగిలి ఆగిపోయాయి. ఆమె కాళ్ల చుట్టూ, చీర కుచ్చిళ్ల మధ్య, కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఒకదాన్ని ఎత్తింది. ఎక్కడ పెట్టాలి. చుట్టూ చూసింది. సిద్ధార్థ్ తోడిన బకెట్ కప్పు నడుమ ఉంది. అక్కడికి పోవడానికి లేదు.

చేతిలో చేప కొట్టుకుంటూనే ఉంది. దాన్ని కింద పెట్టింది.

నీళ్లయిపోయాక కంకర పెట్టెల పని చేసింది. గోడ పక్కన నిలబడి చేతికి అందిన పెట్టెను లాగి, మొక్కలతో సహా, కంకరను గంపకెత్తి జాలీ మీది నుంచి సందులోకి గుమ్మరించింది. టమాటా మొక్కలు పూతతో ఉన్నాయి. బీరతీగను జాలీ నుంచి పీకుతుంటే వేళ్లకు గీరుకుని రక్తం వచ్చింది. ఆమె ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని ఒకసారి ఆగి చూసుకుంది. రాలేదు. మళ్లీ గంప అందుకుంది.

చేతులు ఆడినంతసేపూ చేసింది. కింది నుంచి "చాలు, చాలమ్మా, ఫైరోళ్లు వచ్చిన్రు" అని శ్రీపతి అరిచేదాకా ఆగలేదు. అప్పటికి ఆమె కాళ్ల దగ్గరి చేపలు కదలడం మానేశాయి.

*

విద్యావతిని కిటికీలో నుంచి తీశారు.

ఫైరు సిబ్బంది కిటికీ ఊచల సందుల్లో నుంచే ఇనప జాకీలు లోపలికి పంపారు. ఎలా నిలపాలో బయటి నుంచి చెబుతుంటే లోపల విద్యావతే వాటిని గర్డర్ కిందికి లాగి నిలబెట్టింది. మోకాళ్లు సహకరించని మనిషి, బీరువా పట్టుకుని, మంచం పట్టుకుని, చెప్పిన చోటల్లా నిలబడింది. ఊచలు కోస్తున్నంతసేపూ ప్రహ్లాద్ గోడకు ముఖం పెట్టుకుని ఉన్నాడు. ఆమెను ఎత్తి బయటికి అందించాక, తలుపు పక్క గోడ నుంచి ఇంకొన్ని ఇటుకలు రాలాయి. కప్పు మాత్రం ఆగింది.

ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్లొద్దని చెప్పి, తాడు కట్టి, వాళ్లు వెళ్లిపోయారు.

శ్రీపతి ఇంటి అరుగు మీద విద్యావతిని కూర్చోబెట్టారు. ఆమె కొడుకుల వైపు చూడలేదు. తడి చీరతో దూరంగా నిలబడ్డ ప్రణవిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

సందంతా కంకర, ఆకులు, చేపలు. కొందరు కవర్లలో ఏరుకుంటున్నారు. ఒకామె పక్కింటి నుంచి టబ్బుతో నీళ్లు తెచ్చి, ఇంకా కొట్టుకుంటున్న చిన్నవాటిని అందులో వేస్తోంది. అవి కాసేపు తిరిగి పక్కకు ఒరిగిపోతున్నాయి. ఇంట్లో నుంచి బట్టలేమన్నా తెచ్చుకోవచ్చేమో అడుగుతూ ప్రహ్లాద్, స్నేహ శ్రీపతి వెంట ఆయన ఇంట్లోకి వెళ్లారు.

సిద్ధార్థ్ అరుగు కింద, మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మా, నన్ను క్షమించు," అన్నాడు.

విద్యావతి ప్రణవి మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ప్రణవీ. మళ్ల కట్టుకుందాం. నేల మీద. ఎక్కడన్న జాగ తీసుకొని. నువ్వు చెప్పినట్టు."

"నువ్వు అట్ల మాట్లాడకు," అంది ప్రణవి. "నేను ముక్కలైతనని మాట్లాడకు. నేనే కోసిన గద ఆ తొట్టి. చూసినవ్ గద."

"చూసిన."

"ఏమైంది నాకు?"

అతను ఆమె చేతుల వైపు చూశాడు. గీరుకున్న వేళ్లు, గోళ్ల కింద నల్లటి నాచు.

"నేనొకటి అడుగుత," అంది ఆమె. "నిజం చెప్పు. నాకు చెప్పకుండ ఇంకేమన్న ఉన్నదా?"

ప్రశ్న మామూలుగానే వచ్చింది. లేదనే అంటాడనుకుంది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకుంది.

సిద్ధార్థ్ ఏమీ అనలేదు.

"సిద్ధూ."

"ఇప్పుడు గాదు ప్రణవీ."

"ఇప్పుడే."

అతను మెట్టు మీద పడ్డ ఒక కంకర రాయి తీసుకుని, దాన్ని అరచేతిలో తిప్పాడు.

"పాప పుట్టంగనే పోలేదు."

టబ్బుతో ఉన్న ఆమె ఎవరినో పిలిచింది. సందు చివర ఆటో హారను మోగింది. ప్రణవి అవన్నీ విన్నది.

"నువ్వు స్పృహల లేవు. పాపను వేరే వార్డుకు తీసుకపోయిన్రు. బతకది, ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు ముందే చెప్పిన్రు. మంచిగనే చూసిన్రు వాళ్లు. నన్ను లోపలికి రానిచ్చిన్రు, ఎత్తుకోనిచ్చిన్రు. ఇంత ఉండె. వేలు పెడితే పట్టుకున్నది."

"ఎంతసేపు?"

"ప్రణవీ..."

"నేను లేచేటప్పటికి?"

అతని చేతిలో రాయి ఆగింది.

"నేను లేచి నిన్ను అడిగిన. పాప ఏదని అడిగిన. నువ్వు మంచం పక్కన కూర్చోని ఉంటివి. పుట్టినప్పుడే లేదని చెప్పినవ్. గప్పుడు, నువ్వు ఆ మాట చెప్పేటప్పుడు..."

"ఉన్నది," అన్నాడు సిద్ధార్థ్. "గప్పటికి ఉన్నది. ఎట్లన్న పోతదని చెప్పినంక, ఒకసారి చూపించి మళ్ల నీ దగ్గర్నుంచి తీసుకోవాలంటే నాతోని కాలేదు."

ప్రణవి లేవబోయింది. అప్పుడు గమనించింది, తన మణికట్టు మీద విద్యావతి చెయ్యి లేదు.

ఎప్పుడు తీసిందో తెలియదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ముసలామె సందులోకి చూస్తోంది. ఈ మాటలేవీ ఆమెకు కొత్తగా వినిపించినట్టు లేవు.

"అత్తమ్మా," అంది ప్రణవి. "ఇటు చూడున్రి."

విద్యావతి చూడలేదు.

"పాపను మీరు గూడ ఎత్తుకున్నరా?"